పెద్దల భక్తియు వోటును

ఎన్నికల వేళ మన యిండ్లలో నొక మాట తరచుగా వినవచ్చును: "పూజాపురస్కారములు తప్ప పెద్దవారికేమి పట్టును? వారికి గుర్తు చూపించిన చాలును." మేమును నట్లే తలంచి, మా యత్తగారికి గుర్తు చెప్పి పంపబోతిమి. నిత్యము భాగవతము పఠించు నామె, "గుర్తు సరేనమ్మా, మన ఊరి ఆసుపత్రిలో మందులుండునట్లు చూచువాడెవడో చెప్పు" మనెను. మాకు బదులు తోచలేదు. కెనడా దేశపు చరిత్రలో నొక ఘట్టమును చదివిన పిమ్మటగాని యా ప్రశ్న విలువ మాకు తెలియలేదు.

ఆ దేశమున సస్కాచివాన్ అను గోధుమల సీమ కలదు. 1930లో టామీ డగ్లస్ అను యువకుడు అచటి వేబర్న్ పట్టణమునకు బాప్టిస్టు మతాచార్యుడై వచ్చెను. బాల్యమున నాతని కాలి యెముకకు వ్యాధి సోకెను. తలిదండ్రులు పేదలు, కాలు పోవలసినదే. ఒక వైద్యుడు రుసుము గొనక చికిత్స చేసి దానిని నిలిపెను. అట్టి యదృష్టము పట్టని బిడ్డల గతి యేమన్న చింత యాతనిని విడువలేదు.

అవి యనావృష్టి దినములు. పొలముల మన్ను గాలికి లేచిపోవుచుండెను. పేదలకు అన్నవస్త్రములు సమకూర్చుచునే, దానముతో మాత్రమే యీ దుఃఖము తీరదని డగ్లస్ గ్రహించి, సామ్యవాద పక్షమున చేరి, 1935లో పార్లమెంటు సభ్యుడయ్యెను. ఆ పక్షనాయకుడగు వుడ్స్‌వర్త్ కూడ పూర్వము మతాచార్యుడే. ఆయన పట్టుదల వలననే 1927లో డెబ్బదియేండ్లు నిండిన పేదలకు నెలకు 20 డాలర్ల వరకు పింఛను నిచ్చు శాసనము పుట్టెను.

ఈ పక్షము గెలిచినచో పొలములు లాగుకొనునని ప్రత్యర్థులు భయపెట్టిరి. క్యాథలిక్కులకును శంక యుండెడిది; 1943లో వారి బిషప్పులు, కమ్యూనిస్టులకు దక్క నితర పక్షములకు వోటు వేయుట దోషము కాదని తెలిపిరి. 1944 జూన్‌లో జరిగిన రాష్ట్ర శాసనసభ యెన్నికలలో 52 స్థానములకు 47 డగ్లస్ పక్షమునకే దక్కెను. వృద్ధులందరు నాతనికే వోటు వేసిరని మేమనము. కాని, ఆదివారము తప్పక చర్చికేగు నట్టి పల్లెలలో పెద్దల సమ్మతి లేక యింతటి విజయము కలుగునా?

రాష్ట్ర ప్రధానియైన డగ్లస్ 1945లో పింఛను పొందు వృద్ధులకు ఉచిత వైద్యము నేర్పరచెను. 1947 జనవరి 1 నుండి, తలకు సంవత్సరమునకు 5 డాలర్లు చెల్లించినవారికెల్ల ఆసుపత్రి ఖర్చు ప్రభుత్వమే భరించెను. 1962లో వైద్యుల రుసుమునకును నీ యేర్పాటు విస్తరించెను. పిదప దేశమంతయు నీ మార్గమునే పట్టెను.

ఆ పెద్దలు క్రొత్తదనమును వలచి పాతదానిని విడువలేదు. ఆకలిగొన్నవానికి అన్నము, రోగికి పరిచర్య అని తమ గ్రంథము చెప్పిన ధర్మమునకే వోటు వేసిరి. మన భాగవతమున రంతిదేవుడు నలువదియెనిమిది దినములుపవసించియు, తుదకు దొరకిన అన్నమును నీటిని అతిథులకిచ్చివేసెను గదా! ఆ కథ విని కన్నీరు పెట్టు వృద్ధురాలికి, మందులేని ఆసుపత్రి పాపమని వేరుగ నేర్పవలెనా?

అయితే భక్తి పేరు చెప్పి పెద్దలను మోసగించువారును కలరు. అందుచేతనే వారికి గుర్తు మాత్రమే చూపుట తగదు. అభ్యర్థి యేమి చేసెనో, యేమి చేయుదునని చెప్పుచున్నాడో చదివి వినిపింపవలయును. నిర్ణయమును వారికే విడువవలయును. ఈసారి ఎన్నికలకు మేము మా యత్తగారికి గుర్తు చెప్పము. ఆమె ప్రశ్ననే, మా వీధికి వచ్చిన ప్రతి యభ్యర్థిని అడుగుదుము.