పిల్లికి మన్ను, ఎలుకకు పొట్టు

పెంపుడు జంతువును ఇంటికి తెచ్చినవాడు మొట్టమొదట దాని ఆహారమును గూర్చి ఆలోచించును. పాలు పోయవలెనా, గింజలు వేయవలెనా, దినమునకు ఎన్ని పూటలు పెట్టవలెను అని విచారించును. అది దేనిపై పరుండును, మలమూత్రములను ఎక్కడ విడుచును అను ప్రశ్న పలువురకు తోచనే తోచదు. అడవిలోని జంతువు తన చోటును తానే ఎన్నుకొనును. నచ్చనిచో వేఱొక చోటికి పోవును. పెట్టెలోను, గూటిలోను బ్రదుకు జంతువునకు ఆ స్వాతంత్ర్యము లేదు. మనుష్యుడు పఱచినదే దానికి నేల. ఆ నేల మంచిదైనచో జంతువునకు ఆరోగ్యము, ఇంటివారికి సుఖము. చెడ్డదైనచో ఇరువురకును కీడు. ఇట్లు క్రింద పఱచు మన్ను, పొట్టు, గడ్డి మొదలైనవానికి పఱపు అని పేరు పెట్టుకొనవచ్చును. పఱపును ఎన్నుకొనుట యొక విద్య. దానిని మార్చుట మఱియొక విద్య.

పిల్లి తన మలమును కప్పిపెట్టునని ఎల్లరు ఎఱుగుదురు. ఇది మనుష్యుడు నేర్పిన అలవాటు కాదు. ఇంటిపిల్లికి మూలపురుషుడు ఉత్తరాఫ్రికాయందును, పశ్చిమాసియాయందును తిరుగాడు అడవిపిల్లి. సైప్రసు ద్వీపమున ఒక మనుష్యుని సమాధి చెంతనే ఒక పిల్లిని పాతిపెట్టిన గుంట బయల్పడినది. అది సుమారు 9,500 సంవత్సరముల నాటిదని ఫ్రెంచి పురాతత్త్వజ్ఞులు 2004వ సంవత్సరమున ప్రకటించిరి. ఇంత దీర్ఘకాలము మనుష్యునితో కలసి బ్రదికినను, పిల్లి తన పూర్వుల ఆచారమును విడువలేదు. మెత్తని పొడినేలను వెదకును, గోళ్లతో గుంట త్రవ్వును, పని ముగిసిన పిదప వాసన చూచి మరల మన్ను కప్పును. పొడి ప్రదేశములలో పుట్టిన జాతి యగుటచే అది నీటిని దేహమునందే నిలుపుకొనును. అందుచేత దాని మూత్రమున నీరు తక్కువగాను, యూరియా మొదలగు పదార్థములు దట్టముగాను ఉండును. ఆ వాసన అంత ఘాటుగా నుండుటకు ఇదియొక కారణము.

పల్లెలలో పిల్లికి పెరడు కలదు, గడ్డివామి ప్రక్క మెత్తని మన్ను కలదు. ఇల్లు కట్టుటకై వీధిలో ఇసుక పోసినచో ఊరి పిల్లులన్నియు రాత్రివేళ అచ్చటికే చేరును. నగరములలో మేడమీద మేడగా కట్టిన ఇండ్లలో పెరుగు పిల్లికి మన్ను కనబడదు. అట్టి పిల్లికొఱకు ఒక తొట్టెలో మన్ను పోసి ఉంచవలసి వచ్చినది.

చాలకాలము ఇందులకు ఇసుకయు, బూడిదయు వాడబడెను. శీతలదేశములలో వీనితో చిక్కు కలిగెను. 1947వ సంవత్సరము జనవరి మాసమున అమెరికా దేశములోని మిచిగన్ రాష్ట్రమున ఇసుకకుప్పలు గడ్డకట్టిపోయెను. అందు కాసొపొలిస్ అను చిన్న పట్టణమున ఒక గృహిణి తన పిల్లికి బూడిద పోసి విసిగిపోయెను. పిల్లి బూడిదలో త్రొక్కి ఇల్లంతయు నల్లని అడుగుల ముద్రలు వేయుచుండెను. ఆమె కొంచెము ఇసుక అడుగుటకై పొరుగున నున్న ఎడ్వర్డు లో అను యువకుని కడకు వచ్చెను. ఆయన తండ్రి కర్మాగారములకు, చిందిన నూనెను పీల్చుటకు పనికివచ్చు పదార్థములను అమ్ముచుండెను. ఎడ్వర్డు ఇసుకకు బదులుగా ఎండబెట్టి నూకలవలె చేసిన మన్ను ఒక సంచిలో ఇచ్చెను. అది మన దేశమున ముల్తానీ మట్టి యని పేరొందిన మన్ను వంటిదే. కొలది దినములకు ఆమె మరల వచ్చి ఆ మన్నే కావలెననెను. దానిని అయిదేసి పౌనుల సంచులలో నింపి 65 సెంట్లకు అమ్మవలెనని ఎడ్వర్డు తలచెను. ఇసుక అతి చౌకగా దొరకుచుండగా ఇంత ధర ఎవరిత్తురని అంగడివాడు సందేహించెను. అట్లయిన ఊరకే పంచిపెట్టుమని ఎడ్వర్డు చెప్పెను. ఊరకే తీసికొనిపోయినవారే మరల వచ్చి వెల యిచ్చి కొనిరి.

ఇసుక చేయలేని పనిని ఈ మన్ను ఎట్లు చేసెను? ఇసుకరేణువు గట్టిరాయి, నీరు దాని చుట్టు ప్రవహించి అడుగునకు దిగును. బంకమన్ను రేణువునందు కంటికి కనబడని సన్నని పొరలును, సందులును అసంఖ్యాకముగా కలవు. ద్రవము వానిలో చొచ్చి నిలిచిపోవును. బెంటొనైటు అను వేఱొక మన్ను తడి తగిలినంతనే ఉబ్బి ముద్ద కట్టును. 1980 దశకమున థామస్ నెల్సన్ అను అమెరికా జీవరసాయన శాస్త్రజ్ఞుడు దీనిని పిల్లితొట్టెకు ఉపయోగించు విధమును కనుగొనెను. తడిసిన ముద్దను మాత్రము గరిటెతో తీసివేసి తక్కిన మన్నును నిలుపుకొనవచ్చును. మన దేశమున ఈ మన్ను రాజస్థానములోని బార్మేరు ప్రాంతమునందును, గుజరాతులోని కచ్ఛు ప్రాంతమునందును త్రవ్వబడుచున్నది. అయితే ఉబ్బు గుణమే దీనికి దోషము కూడ. పసికూనలు కనబడిన దానినెల్ల నోట పెట్టుకొనును గావున వానికి ఈ మన్ను తగదు. దానిని నీళ్లగొట్టములలో పోసినచో ఉబ్బి దారిని మూసివేయును.

పఱపును ఎన్నుకొనునపుడు మనుష్యుని ముక్కును గాక జంతువు ముక్కును ప్రమాణముగా తీసికొనవలెను. సుగంధము కలిపిన మన్ను ఇంటివారికి హాయిగా తోచును. మనకంటె ఎంతయో సూక్ష్మమైన ఘ్రాణశక్తి గల పిల్లికి అది దుస్సహము కావచ్చును. పిల్లి సాధారణముగా సన్నని రేణువులు గల, వాసన లేని మన్నును కోరును. పఱపు రెండు మూడు అంగుళముల మందమున ఉండవలెను. తొట్టె పిల్లి పొడవునకు ఒకటిన్నర రెట్లయినచో అది సుఖముగా తిరుగగలదు. తొట్టెను అన్నము పెట్టు చోటికి దూరముగా, సందడి లేని మూలయందు ఉంచవలెను. ఎన్ని పిల్లులు కలవో అంతకు ఒకటి యెక్కువగా తొట్టెలుంచుట మేలని పశువైద్యులు చెప్పుదురు. మన్ను రకమును మార్చవలసినచో ఒక్కమారుగా మార్చరాదు. పాతదానిలో క్రొత్తదానిని దినదినము కొంచెముగా కలుపుచు పోవలెను. పిల్లి హఠాత్తుగా తొట్టెను విడిచి ఇంటిమూలలను వెదకినచో దానిని కొట్టుట అవివేకము. తొట్టె మురికిగా నున్నదనియో, మన్ను నచ్చలేదనియో, లేక మూత్రము వెడలునపుడు నొప్పి కలుగుచున్నదనియో అది తెలుపుచున్నదని గ్రహింపవలెను.

ఇల్లు అలుకగానే పండుగ కాదు. మంచి మన్ను పోసినంతమాత్రమున పని ముగియదు. మూత్రములోని యూరియాను సూక్ష్మజీవులు విడగొట్టుటచే అమోనియా వాయువు పుట్టును. కన్నులను మండించి ముక్కుపుటములను కోయునట్టి వాసన దానిదే. అంతకంటె ముఖ్యమైన కారణము మఱియొకటి కలదు. ఎలుకలను గాని, పచ్చిమాంసమును గాని తిన్న పిల్లికి టాక్సోప్లాస్మా అను సూక్ష్మజీవి సోకవచ్చును. సోకిన పిల్లి మలములో దాని గ్రుడ్ల వంటి కణములు కొన్ని దినములపాటు వెలువడును. అవి వెలువడినవెంటనే రోగమును కలిగింపజాలవు. అందులకు ఒకటి మొదలు అయిదు దినముల వఱకు పట్టును. కావున మలమును ప్రతిదినము తీసివేయువాడు రోగమును అది బలపడకమునుపే ఇంటినుండి వెడలగొట్టుచున్నాడు. గర్భవతులకు ఈ రోగము సోకినచో గర్భస్థశిశువునకు హాని కలుగవచ్చును గనుక వారు తొట్టెను ముట్టకుండుట మంచిది. పనిచేసినవారు చేతులను సబ్బుతో కడుగుకొనవలెను. ఇందుచేత పిల్లిని చూచి భయపడనక్కఱలేదు. చక్కగా ఉడకని మాంసమువలనను, కడుగని కూరగాయలవలనను కూడ ఈ రోగము వచ్చును. తొట్టెను కడుగునపుడు మఱియొక జాగ్రత్త వలయును. మూత్రపు తడి యున్నచోట బ్లీచింగు ద్రావకమును పోయరాదు. అమోనియాతో కలిసి విషవాయువులు పుట్టును. సబ్బునీళ్లే చాలును.

కుందేళ్లకును, గినీపందులకును, చిట్టెలుకలకును పఱపు విసర్జనస్థానము మాత్రమే కాదు. అదియే శయ్య, కొంతవఱకు అదియే ఆహారము. కుందేటి గూటి అడుగున తీగెలు మాత్రమున్నచో దాని మడమలు ఒరసికొని పుండ్లు పడును. పైన ఎండుగడ్డి దట్టముగా పఱచినచో ఆ బాధ యుండదు. గడ్డిని అది తినును గనుక, తినుటకు వేసిన గడ్డి మలముతో కలియకుండ వేఱుగా నుంచవలెను. ఉబ్బెడి మన్ను కుందేటి కడుపులో చేరినచో ప్రమాదము. వానకాలమున వరిగడ్డికి బూజు పట్టును. ఆ బూజుదుమ్ము చిన్న ప్రాణుల ఊపిరితిత్తులకు చేటు. ఎండి, పరిశుభ్రమై, దుమ్ము లేని గడ్డియే తగినది.

కఱ్ఱపొట్టు విషయమున ఒక విచిత్రము కలదు. అమెరికా శాస్త్రజ్ఞుడు ఇలియట్ వెసెల్ 1967వ సంవత్సరమున 'సైన్స్' పత్రికలో ఒక విషయమును ప్రకటించెను. చుండెలుకలను, ఎలుకలను గట్టికఱ్ఱల పొట్టునుండి తీసి ఎఱ్ఱ దేవదారు, పైను మొదలగు మెత్తకఱ్ఱల పొట్టుపై ఉంచగా, వాని కాలేయమున మందులను విఱుగగొట్టు ఎంజైముల శక్తి పెరిగెను. నిద్రమందు ఇచ్చినను అవి మునుపటి యంతసేపు నిద్రింపలేదు. మార్పు మందులో లేదు, ఎలుకలో లేదు, పడకలో కలదు. ఆ కఱ్ఱలలోని పరిమళ తైలములు ఊపిరితో లోపలికి చేరి దేహపు పనినే మార్చినవి. కావున కమ్మని వాసనగల పొట్టు మంచిదని భ్రమపడరాదు. కాగితపు ముక్కలు, ఎండుగడ్డి మొదలైనవి వాడుట క్షేమము.

చిన్న ప్రాణుల పఱపును మార్చుటలో మెలకువ కావలెను. తడిసిన భాగమును తఱచుగా తీసివేయనిచో అమోనియా పెరిగి ఎలుకల శ్వాసరోగములను తీవ్రము చేయును. అట్లని సమస్తమును ఒక్కసారి ఊడ్చివేయుటయు తగదు. చిట్టెలుక తన వాసనతోనే తన ఇంటిని గుర్తించును. గూడంతయు కడిగివేసినచో అది పరుల ఇంట పడినదానివలె కలత చెందును. మగ చిట్టెలుకలు పోట్లాటకు దిగును. పొడిగానున్న గూటి మెత్తను కొంత మిగిల్చి క్రొత్తదానిలో ఉంచినచో ఆ కలహము తగ్గునని పరిశోధకులు కనుగొనిరి.

మూగజీవి తన పడక బాగులేదని నోట చెప్పలేదు. తొట్టెను విడుచుట, మడమను నాకుకొనుట, తుమ్ముట, తీగెలను కొఱుకుట, ఇవియే దాని మాటలు. ఆ మాటలను వినగలవాడే జంతువులను పెంచుటకు అర్హుడు. ప్రతిదినము ఉదయమున పది నిమిషములు వెచ్చించి పఱపును బాగుచేయు బాలుడు జంతువునకు ఆరోగ్యమును, ఇంటికి శుభ్రతను ఒక్కసారియే చేకూర్చినవాడగును.