జబ్బు మనిషిదా, ఊరిదా?

ఇంటర్ బైపీసీ అయ్యాక "నేను పబ్లిక్ హెల్త్‌లో డిగ్రీ చేస్తాను" అని ఇంట్లో చెప్పి చూడండి. మొదటి ప్రశ్న: "అంటే డాక్టరువా?" కాదంటే రెండోది: "మరి నర్సా?" అదీ కాదంటే ఇక ప్రశ్నలుండవు, "పాపం, సీటు రాలేదేమోలే" అన్న చూపు మాత్రం ఉంటుంది. మా పిన్ని కూతురు ఇప్పుడు ఆ చూపులే తింటోంది. అసలు ఆ చదువేంటో చెప్పాలంటే మన నెల్లూరు జిల్లా కంటే మంచి పాఠ్యపుస్తకం లేదని నా అభిప్రాయం. పైగా అందులో మన ఇంజనీర్లకి పెద్ద వాటానే ఉంది.

1937కి వెళ్దాం. అప్పటి నెల్లూరు జిల్లా ఇప్పటికంటే పెద్దది. దర్శి, పొదిలి, కనిగిరి ఇందులోనే ఉండేవి, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్ళాయి. జిల్లాలోని కొన్ని మెట్ట ఊళ్ళలో పిల్లల పళ్ళ మీద పసుపు, గోధుమ మచ్చలు. పెద్దవాళ్ళకి నడుం బిగుసుకుపోయి వంగిపోవడం, మెడ తిరగకపోవడం. హెచ్.ఈ. షార్ట్, ఆయన సహచరులు దీని మీద 1937లో పత్రం ప్రచురించారు. మన దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్ అనగానే పుస్తకాలు మొదట చెప్పేది నెల్లూరు పేరే. (ఈ షార్ట్ గారే తర్వాత 1948లో, మలేరియా క్రిమి రక్తంలోకి వెళ్ళే ముందు కాలేయంలో పెరుగుతుందని గార్న్‌హామ్‌తో కలిసి కనిపెట్టాడు. మామూలు మనిషి కాదు.)

ఇక్కడే అసలు తేడా. నడుం నొప్పని ఒకాయన ఆసుపత్రికొస్తే డాక్టరు ఆయన నడుం చూస్తాడు. పబ్లిక్ హెల్త్ చదివినవాళ్ళు ఊరిని చూస్తారు. ఎవరికొచ్చింది, ఎవరికి రాలేదు? ఏ బావి నీళ్ళు? ఎన్నేళ్ళుగా? వేరే ఊరి నుంచి కోడలుగా వచ్చినామె పళ్ళు తెల్లగా ఉండి, ఇక్కడ పుట్టిన ఆమె పిల్లల పళ్ళకి మచ్చలుంటే అర్థమేంటి? పంటి ఎనామిల్ తయారయ్యేది చిన్నతనంలోనే కాబట్టి, ఆ వయసులో తాగిన నీళ్ళ మీద అనుమానం పెట్టుకోవాలన్నమాట. మందూ మాత్రా లేకుండా ఇలా ప్రశ్నలతో కారణం దాకా వెళ్ళే విద్యకే ఎపిడెమియాలజీ అని పేరు.

కారణం రాళ్ళల్లో ఉంది. గ్రానైట్ లాంటి రాళ్ళలోని కొన్ని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ భూగర్భజలంలోకి దిగుతుంది. నీళ్ళలో కాల్షియం బాగా ఉంటే దాంతో కలిసి కొంత అడుక్కి చేరుతుంది, లేకపోతే నీళ్ళలోనే ఉండిపోతుంది. తాగే నీటికి మన ప్రమాణం లీటరుకి 1 మిల్లీగ్రాము, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా. కాచి తాగితే పోతుందనుకుంటారు చాలామంది. పోదు, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది.

ఇక లెక్కలు. ఈ చదువులో సగం బయోస్టాటిస్టిక్సే. ఒక ఊళ్ళో 40 కేసులు, ఇంకో ఊళ్ళో 25 అంటే ఏది ఘోరం? జనాభా చెప్పకుండా జవాబు చెప్తే సున్నా మార్కులు. ఇన్సిడెన్స్, ప్రివలెన్స్ అనే రెండు మాటలు అందర్నీ తికమక పెడతాయి. చెరువుని తలుచుకోండి: కాలవలోంచి కొత్తగా వచ్చే నీరు ఇన్సిడెన్స్, చెరువులో నిలిచి ఉన్న నీరు ప్రివలెన్స్. ఫ్లోరోసిస్‌లో కాలవ మూసినా చెరువు తగ్గదు, ఎందుకంటే వంగిన నడుం మళ్ళీ నిటారు కాదు. మంచినీళ్ళు ఇవాళ వచ్చినా ఫలితం కనబడేది ఇవాళ పుట్టిన బిడ్డ పళ్ళలో. ఐదేళ్ళకోసారి ఓట్లడిగే వ్యవస్థలో ఇంత నిదానమైన పనికి డబ్బు అడగడం ఎంత కష్టమో ఊహించుకోండి.

నీళ్ళు శుభ్రం చేయడం మన డిపార్ట్‌మెంట్. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో నల్గొండ పద్ధతి తయారుచేసింది. సున్నం, బ్లీచింగ్, పటిక లెక్క ప్రకారం కలిపి, తిప్పి, తేర్చి, వడకట్టడం. కాగితం మీద చక్కగా ఉంటుంది. ఇంట్లో అయితే ఆ పటిక మోతాదు నీటిని బట్టి మారుతుంది, రోజూ కొలవాలి, రుచి తేడా వస్తుంది, అడుగున మిగిలిన మడ్డి ఎక్కడ పారబోయాలో తెలీదు. పొద్దున్నే కూలికెళ్ళే మనిషి ఇదంతా చేస్తుందా? ఈ ప్రశ్న మన వాటర్ ట్రీట్‌మెంట్ పేపర్లో రాదు. పబ్లిక్ హెల్త్ వాళ్ళకి మాత్రం సోషియాలజీ, ఆంత్రోపాలజీ పెట్టింది ఇందుకే.

జబ్బుకి కారణం నీళ్ళే కానక్కర్లేదు. 1992లో మన జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకెళ్ళిన ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. కాలేయం, కూలి డబ్బులు, పిల్లల తిండి, ఇంట్లో దెబ్బలు అన్నీ ఒకే సీసాలో ఉన్నాయని వాళ్ళకి ఎవరూ సిలబస్ ఇచ్చి నేర్పలేదు. ఇప్పుడు ఇలాంటివాటిని ఆరోగ్యాన్ని నిర్ణయించే సామాజిక కారణాలంటూ మొదటి ఏడాదిలోనే చెప్తారు.

నిజం చెప్పుకోవాలంటే మన దేశంలో దీన్ని డిగ్రీ స్థాయిలో చెప్పే చోట్లు తక్కువ. అమెరికాలో చాలా యూనివర్సిటీల్లో ఉంది. ఇక్కడ ఎక్కువగా పీజీలో, ఎంపీహెచ్ పేరుతో. ఎంబీబీఎస్ వాళ్ళు కమ్యూనిటీ మెడిసిన్ అనే సబ్జెక్టుగా చదువుతారు. వైద్య డిగ్రీ లేనివాళ్ళని ఎంపీహెచ్‌లో చేర్చుకునే సంస్థలున్నాయి, అర్హతలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి చూసుకోవాలి. కలకత్తాలో 1932లో పెట్టిన ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హైజీన్ అండ్ పబ్లిక్ హెల్త్ ఇంజనీర్లకీ పీజీ చెప్పింది. మన రాష్ట్రంలో పట్టణాలకి మంచినీళ్ళు, డ్రైనేజీ చూసే శాఖ పేరే ప్రజారోగ్య, మున్సిపల్ ఇంజనీరింగ్ శాఖ. సివిల్ వాళ్ళూ, వింటున్నారా? క్యాంపస్ డ్రైవుల్లాంటి ప్యాకేజీల హడావిడి మాత్రం ఈ దారిలో ఉండదు.

ఈసారి మెట్ట వైపు ఊరికెళ్తే బోరు నీళ్ళు ఒక లీటరు పట్టుకురండి. గాజు సీసా వద్దు, ప్లాస్టిక్‌దే తేవాలి, ఫ్లోరైడ్‌కి గాజు సరిపడదు. సీసా మీద బోరు ఎక్కడిదో, తేదీ ఎంతో రాయండి. గ్రామీణ నీటి సరఫరా వాళ్ళ ల్యాబ్‌లో పరీక్ష చేస్తారు. ఆ నీళ్ళు తాగేది ఎన్ని ఇళ్ళవాళ్ళో కూడా కనుక్కుని రండి, లేకపోతే లెక్కలో కింద వేయడానికి సంఖ్య ఉండదు.