అమెజాన్ అడవి గురించి పిల్లలు అడిగితే ఏం చెబుదాం?



"అమెజాన్ భూమికి ఊపిరితిత్తులు. మనం పీల్చే ఆక్సిజన్‌లో 20 శాతం అక్కడి నుంచే వస్తుంది." పిల్లల ప్రాజెక్టు చార్టుల మీద తరచూ కనిపించే వాక్యమిది. వినడానికి బాగుంటుంది గానీ నిజం కాదు. ఆ అడవి తయారుచేసే ఆక్సిజన్ దాదాపు అంతా అక్కడి చెట్లు, జీవులు శ్వాసించడానికీ, రాలిన ఆకులు కుళ్లడానికీ ఖర్చయిపోతుంది. మరి ఆ అడవి పోతే నష్టమేమిటి?

కార్బన్ గిడ్డంగి

చెట్టు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుని, అందులోని కార్బన్‌ను కాండంలో, వేళ్లలో దాచుకుంటుంది. అమెజాన్ చెట్లలో, నేలలో ఇలా 10,000 కోట్ల టన్నులకు పైగా కార్బన్ ఉంది. అడవిని నరికి తగలబెడితే వందల ఏళ్ల నిల్వ రోజుల్లో గాలిలో కలుస్తుంది. భూమి మరింత వేడెక్కుతుంది.

అడవే కురిపించే వాన

ఒక పెద్ద చెట్టు రోజుకు వందల లీటర్ల నీటిని వేళ్లతో తోడి ఆవిరిగా వదలగలదు. అమెజాన్ వానలో దాదాపు సగం ఇలా అడవి తిరిగి పుట్టించుకునేదేనని బ్రెజిల్ శాస్త్రవేత్త ఎనియాస్ సలాటి 1970లలో చూపించారు. ఆ తేమ గాలి వెంట దక్షిణాది పొలాల దాకా వెళుతుంది. అక్కడివారు వాటిని 'ఎగిరే నదులు' అంటారు. అడవిలో 20 నుంచి 25 శాతం పోతే ఈ వాన చక్రం దెబ్బతిని, చాలా ప్రాంతం గడ్డి మైదానంగా మారవచ్చని కార్లోస్ నోబ్రే, థామస్ లవ్‌జాయ్ 2018లో హెచ్చరించారు. ఇప్పటికే దాదాపు ఆరో వంతు పోయింది.

లెక్క చెప్పే కథ

నరికిన నేలలో ఎక్కువ భాగం పశువుల మేతకే పోతోంది. బ్రెజిల్ అంతరిక్ష పరిశోధన సంస్థ 1988 నుంచి ఏటా ఉపగ్రహ చిత్రాలతో లెక్క కడుతోంది. ఏడాదిలో పోయిన అడవి ఇదీ:

• 2004: 27,700 చ.కి.మీ.కు పైగా (తెలంగాణ విస్తీర్ణంలో దాదాపు పావు వంతు)
• 2012: సుమారు 4,600 చ.కి.మీ.
• 2021: సుమారు 13,000 చ.కి.మీ.
• 2024: సుమారు 6,300 చ.కి.మీ.

2004 తర్వాత ఎందుకు తగ్గింది? పర్యావరణ మంత్రి మెరీనా సిల్వా హయాంలో ఉపగ్రహం నుంచి హెచ్చరిక రాగానే తనిఖీ బృందాలు కదిలాయి. నిబంధనలు పాటించని భూస్వాములకు బ్యాంకు రుణాలు ఆగాయి. కొత్తగా నరికిన నేలలో పండిన సోయా కొనబోమని 2006లో వ్యాపారులు ఒప్పుకున్నారు. తర్వాత నిఘా సడలింది. 2019లో అధ్యక్షుడు బోల్సొనారో ఆ లెక్కలే అబద్ధమన్నారు. సంస్థ డైరెక్టర్ రికార్డో గల్వావ్ పదవి పోయింది. 2023లో ప్రభుత్వం మారి, సిల్వా మళ్లీ మంత్రి అయ్యారు. నరికివేత మళ్లీ తగ్గింది. ఉపగ్రహం ఎప్పుడూ చూస్తూనే ఉంది. చూసినదాన్ని పట్టించుకున్నారా లేదా అన్నదే తేడా.

అయినా ముప్పు తీరలేదు. 2024లో తీవ్రమైన కరువు వల్ల, గొడ్డలి పడని అడవుల్లోకి కూడా మంటలు పాకాయి.

ఇంట్లో పిల్లలతో

• పై నాలుగు అంకెలతో గ్రాఫ్ గీయించండి. ఎక్కడ పెరిగింది, ఎక్కడ తగ్గింది, ఎందుకని అడగండి.
• బిస్కెట్ ప్యాకెట్ వెనక 'పామాయిల్' అన్న మాట వెతకమనండి. ప్రపంచంలో పామాయిల్‌ను ఎక్కువగా దిగుమతి చేసుకునే దేశం మనదే. అందులో చాలావరకు ఇండోనేషియా, మలేషియాల నుంచి వస్తుంది. అక్కడ కొన్ని తోటలు వర్షారణ్యాలను నరికి వేసినవి.
• అలాగని పామాయిల్ మానేస్తే సరిపోతుందా? ఎకరానికి అంత నూనె ఇచ్చే పంట మరొకటి లేదు. వేరే నూనెకు ఇంకా ఎక్కువ నేల కావాలి. అందుకే పంట ఏదన్నది ఒక్కటే కాదు, దాన్ని ఏ నేలలో వేశారన్నదీ ముఖ్యమే. ఈ ప్రశ్న మీద ఇంట్లో చిన్న చర్చ పెట్టండి. మీరు ఒక పక్షం తీసుకుని, రెండోది పిల్లలకు వదిలేయండి.