అమ్మానాన్నలకు పావు ఛార్జీ ప్రయాణం

కాళ్ళు చచ్చుబడి చక్రాల కుర్చీకి పరిమితమైన తల్లినో తండ్రినో దూరపు ఆసుపత్రికి తీసుకొని వెళ్ళవలసి వస్తే మనకు మొదట స్ఫురించేది అద్దె కారే. ఖర్చు లెక్క వేసుకొనేసరికి ప్రయాణం, దానితోపాటు వైద్యం వాయిదా పడుతుంది. రైల్వేలో వృద్ధులకిచ్చే రాయితీ 2020 మార్చిలో నిలిచిపోయిన మాట నిజమే. కాని దివ్యాంగుల రాయితీ వేరు, అది కొనసాగుతున్నది. తోడు లేనిదే ప్రయాణించలేని అస్థివైకల్యం గలవారికి స్లీపరు తరగతిలో మూల ఛార్జీపై 75 శాతం తగ్గింపు లభిస్తుంది. వెంట వెళ్ళే ఒకరికీ అంతే తగ్గింపు. అనగా ఇద్దరికీ కలిపి అయ్యేది ఒకరి మూల ఛార్జీలో సగమే!

అయితే, తోడు లేనిదే ప్రయాణించలేరని ప్రభుత్వ వైద్యుడు రైల్వే నిర్దేశించిన నమూనాలోనే ధ్రువీకరించాలి. వైకల్య శాతం మాత్రమే తెలిపే పత్రం ఇందుకు సరిపోదు. దీని ఆధారంగా రైల్వే ఇచ్చే ఫోటో గుర్తింపు కార్డు ఉంటే ఇంటినుండే ఆన్‌లైన్‌లో టికెట్టు తీసుకొనవచ్చును.

ఇక మెట్ల సంగతి. మామూలు బోగీలోకి చక్రాల కుర్చీ ఎక్కదు. చాలా ఎక్స్‌ప్రెస్ రైళ్ళలో గార్డు పెట్టెను ఆనుకొని వెడల్పు తలుపు గల దివ్యాంగుల భాగం ఉంటుంది. అది సాధారణంగా రైలు చివర ఉంటుంది గనుక కాస్త ముందుగా వెళ్ళి, స్టేషను మాస్టరును చక్రాల కుర్చీ అడగడం మేలు. దిగే చోట రైలు రెండు నిమిషాలే ఆగేటట్లయితే, అక్కడికి కుర్చీతో రమ్మని బంధువులెవరికైనా ముందే చెప్పి ఉంచండి.