క్రీడలును గుండెయును

పరుగుపందెము ముగించి వచ్చిన బాలుడు "గుండె దడదడ కొట్టుకొనుచున్నది" అనుట మనమందరము వినుచునే యుందుము. అన్ని యాటలును గుండెకు నొకే విధమైన పని కలిగించునా? ఏ దడ సహజము? ఏది ప్రమాదసూచకము? ఈ సంగతులను విద్యార్థులకును తలిదండ్రులకును తెలుపగోరుచున్నాము.

గుండె పిడికిలి యంతటి కండ. పెద్దవాడు ఊరక కూర్చున్నప్పుడు అది నిమిషమునకు సుమారు 5 లీటర్ల రక్తమును తోడును. గట్టిగా పరుగెత్తునప్పుడు 20 లీటర్లవరకు తోడవలసి వచ్చును.

దూరపు పరుగు, ఈత, ఫుట్‌బాలు మొదలగు వానియందు కండరములు ఎడతెగక ప్రాణవాయువును కోరును గనుక గుండె విస్తారముగా రక్తమును త్రిప్పవలెను. ఏండ్లతరబడి అభ్యసించినచో దాని గదులు విశాలమగును. విశ్రాంతివేళ నాడి నిదానించును. కాళ్లకు చెక్కలు గట్టుకొని మంచుపై పందెములాడువారి గుండెలు పెద్దవై యుండుటను స్వీడను దేశపు వైద్యుడు హెన్షెన్ 1899లోనే వెల్లడించెను.

బరువులెత్తుట, తాడులాగుట యందు వేరు. బిగిసిన కండరములు రక్తనాళములను నొక్కుటచే రక్తపుపోటు తటాలున పెరుగును. ఆ యొత్తిడి కెదురుగా గుండె పనిచేయవలెను. ఊపిరి బిగబట్టినచో నది మరింత హెచ్చును. కావున బరువెత్తు బాలురు ఊపిరి బిగబట్టరాదు. చెడుగుడునందు రెండు శ్రమలును గలవు: కూత పెట్టుచు పరుగిడవలెను, పట్టుబడినచో పెనుగులాడవలెను.

ఆరోగ్యవంతమగు గుండె క్రమాభ్యాసముచే వీనినన్నిటిని భరింపగలదు. ఆయాసమును దడయు కొంతసేపటికి తగ్గినచో భయములేదు. అయితే ఆడుచుండగా సొమ్మసిల్లుట, ఎదనొప్పి కలుగుట, కుటుంబములో చిన్నవయసున నెవరైన హఠాత్తుగా మరణించియుండుట, గొంతునొప్పి పిదప జ్వరముతో కీళ్లు వాచియుండుట అనునవి ఉపేక్షింపరానివి. ఆ జ్వరము గుండె కవాటములను చెరుపగలదు. ఇట్టి పిల్లలను వైద్యునికి చూపిన పిదపనే ఆటకు పంపవలెను.

బలిష్ఠులకు ఆపద రాదనుట పొరపాటు. 2021 జూన్ 12న కోపెన్‌హాగెనులో ఆట నడుమ డెన్మార్కు క్రీడాకారుడగు క్రిస్టియన్ ఎరిక్సెన్ గుండె యాగి కూలెను. వెంటనే ఎదను నొక్కి, విద్యుద్ఘాతమిచ్చుటచే బ్రదికెను.

ఉపాధ్యాయులారా, పరుగునడుమ పడిన బాలుని సోమరియని గద్దింపకుడు. తలిదండ్రులారా, పందెము తప్పునను భయమున బిడ్డ జబ్బును దాచకుడు. బాలబాలికలారా, ఒంటిలో కలిగిన బాధను చెప్పుట పిరికితనము కాదు. ఒక పందెము పోయిన మరియొకటి వచ్చును. ప్రాణము పోయిన రాదు.