నెలలు దాటినా తగ్గని నోటిమంట

ఆవకాయ ముద్ద నోట్లో పెట్టగానే బుగ్గల లోపల భగ్గుమంటే ‘వేడి చేసింది’ అనుకుంటాం. మజ్జిగ తాగి, బి-కాంప్లెక్స్ మాత్రలు వేసుకుంటాం. మామూలు నోటిపూత వారం పది రోజుల్లో దానంతటదే మానుతుంది. నెలలు గడిచినా మంట వదలక, రెండు బుగ్గల లోపలా వల అల్లినట్టు తెల్లని చారలు కనిపిస్తే మాత్రం లైకెన్ ప్లానస్ అయ్యే అవకాశం ఉంది. నలభై దాటిన ఆడవాళ్లలో ఇది ఎక్కువ.

1869లో ఇంగ్లండు వైద్యుడు ఎరాస్మస్ విల్సన్ ఈ జబ్బుకు పేరు పెట్టాడు. ఇది అంటుకోదు. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక టి-కణాలే నోటి పొర అడుగు వరుస కణాలను చంపుతాయి. పొర పలచబడి, ఎర్రబడి, చివరికి పుండు పడుతుంది. దీన్ని శాశ్వతంగా పోగొట్టే మందు లేదు, మంటను అణచే మందులు మాత్రం బాగానే పనిచేస్తాయి. నొప్పి లేని ఉత్త తెల్ల చారలకు అసలు మందే అక్కర్లేదు.

పుండుంటే మొదట వాడేది పైపూత స్టెరాయిడ్: ట్రయామ్‌సినోలోన్ పేస్టు, తీవ్రంగా ఉంటే క్లోబెటసాల్. అసలు చిక్కు లాలాజలంతోనే. రాసిన మందును అది నిమిషాల్లో కడిగేస్తుంది. చాలామందికి మందు పనిచేయకపోవడానికి ఇదే కారణమని నా నమ్మకం. అందుకే తిన్నాక, పడుకునే ముందు, శుభ్రమైన గుడ్డతో ఆ చోటు తడి అద్ది, పేస్టును రుద్దకుండా పలచగా అంటించాలి. తర్వాత అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు. పుండ్లు నోరంతా ఉంటే స్టెరాయిడ్ కలిపిన నీళ్లు పుక్కిలించి ఉమ్మేయమంటారు. ఈ మందులతో నోట్లో కాండిడా బూజు పెరగవచ్చు, అప్పుడు దానికీ మందు వాడాలి. స్టెరాయిడ్‌కు లొంగకపోతే టాక్రోలిమస్ పూత ఉంది.

అచ్చం ఇలాగే కనిపించే మచ్చలు కొన్ని బీపీ మాత్రల వల్లా, పాత వెండిరంగు పంటి ఫిల్లింగు ఆనుకున్న చోటా వస్తాయి. ఫిల్లింగు మారిస్తే చాలాసార్లు ఆ మచ్చ మానుతుంది. బీపీ మాత్ర మాత్రం సొంతంగా ఆపకూడదు, డాక్టరే మార్చాలి.

చిగుళ్లు మండుతున్నాయని బ్రష్ మానేస్తే గార పేరుకుని వాపు ఇంకా పెరుగుతుంది. మెత్తని బ్రష్, నురగ రాని పేస్టు మేలు. నూటికి ఒకరిలో ఏళ్ల తర్వాత లైకెన్ ప్లానస్ క్యాన్సరుగా మారుతుంది. అందుకే మంట లేకున్నా ఆరు నెలలకో, ఏడాదికో నోరు చూపించుకోవాలి. ఏ పుండైనా మూడు వారాలకు మానకపోయినా, చేతికి గట్టిగా తగిలినా చిన్న ముక్క తీసి పరీక్ష చేయించాలి.