స్పామ్ ఖరీదెక్కితేనే ఆగుతుంది

2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్లీ, శాన్‌డియాగో ప్రాంగణాల పరిశోధకులు ఒక తెగువ చేశారు. ఎవరెవరివో కంప్యూటర్లను గుట్టుగా లోబరచుకుని వాటి ద్వారా మందుల ప్రకటనలు గుప్పిస్తున్న ‘స్టార్మ్’ అనే వలలోకి వాళ్లే దూరారు. ఆ ప్రకటనల్లోని లింకులను తాము కట్టిన ఉత్తుత్తి దుకాణం వైపు తిప్పారు. అక్కడ డబ్బు తీసుకోరు, ఎంతమంది కొనడానికి వస్తారో మాత్రం లెక్కపెడతారు. 26 రోజుల్లో దాదాపు 35 కోట్ల ఈ-మెయిళ్లు వెళ్లాయి. కొనబోయినవాళ్లు 28 మంది.

అంటే కోటిమందికి పైగా పంపితే ఒక్కరు. ఇంత నష్టపు బేరం మరొకటైతే వారంలో మూతపడేది. స్పామ్ మూతపడదు. పంపేవాడికి ఒక్కో సందేశం మీద పడే ఖర్చు లెక్కలోకి రానంత తక్కువ కాబట్టి ఆ ఒక్కరి డబ్బుతోనే గిట్టుబాటవుతుంది. మిగతా కోటిమంది వెచ్చించిన సమయం, పడిన చిరాకు, పెద్దవయసువాళ్లయితే పడిన భయం, ఇవేవీ వాడి ఖాతాలోకి రావు. అందుకే ‘మనం పట్టించుకోకపోతే వాళ్లే మానేస్తారు’ అన్న మాట నాకు ఎప్పుడూ నచ్చదు. మనం పట్టించుకోమని వాళ్లకు ముందే తెలుసు. వాళ్ల లెక్క వేసుకున్నదే దాని మీద.

స్పామ్‌ను నిలువరించడానికి ఇప్పటిదాకా జరిగిన ప్రయత్నాల్లో సరైన చోట గురిపెట్టినవి ఎక్కువగా ఈ లెక్కను దెబ్బకొట్టాలని చూసినవే. ఆడమ్ బ్యాక్ అనే బ్రిటిష్ నిపుణుడు 1997లో ‘హ్యాష్‌క్యాష్’ అనే పద్ధతి ప్రతిపాదించాడు. ప్రతి ఈ-మెయిల్ పంపేముందు కంప్యూటర్ ఒక చిన్న లెక్క చేసి తీరాలి. రోజుకు పది ఉత్తరాలు రాసుకునేవాళ్లకు ఆ కాస్త ఆలస్యం తెలియను కూడా తెలియదు, పది లక్షలు పంపేవాడికి మాత్రం యంత్రాలు మొరాయిస్తాయి. ఈ-మెయిల్లో అది పెద్దగా వాడుకలోకి రాలేదు గానీ, ఆ ఊహే తరవాత బిట్‌కాయిన్‌కు పునాదుల్లో ఒకటైంది.

2011లో శాన్‌డియాగో బృందం మరికొందరితో కలిసి మరో దారి పట్టింది. స్పామ్‌లో అమ్మే సరుకును తామే కొని, ఆ డబ్బు ఎక్కడికి చేరుతోందో వెంబడించింది. సందేశాలు వచ్చే కంప్యూటర్లు అసంఖ్యాకం, దుకాణాల పేర్లు వేలు. కానీ వాళ్లు పరిశీలించిన సరుకులో 95 శాతానికి పైగా చెల్లింపులు జరిగింది కేవలం మూడు బ్యాంకుల ద్వారా! కంప్యూటర్ పోతే గంటలో ఇంకోటి దొరుకుతుంది, బ్యాంకు ఖాతా పోతే అంత తేలిగ్గా దొరకదు. ఎక్కడ పట్టుకోవాలో తేల్చిన ఈ పరిశోధన నాకు చాలా ఇష్టం.

స్పామ్‌ను వడకట్టే ఫిల్టర్ల సంగతి అందరికీ కొంత తెలిసిందే. 2002 ఆగస్టులో పాల్ గ్రాహం అనే ప్రోగ్రామర్ రాసిన వ్యాసంతో ఒక పద్ధతి బాగా వ్యాపించింది. పనికిరానివాటిని ఒక కుప్పగా, మంచివాటిని మరో కుప్పగా పోసి, ఏ మాట ఏ కుప్పలో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి, కొత్తగా వచ్చినది ఏ కుప్పకు చెందుతుందో సంభావ్యత కట్టడం. మాటల లెక్క మీద నడిచే ఫిల్టర్‌కు తెలుగుతో ఒక ప్రత్యేకమైన చిక్కుంది. మనలో చాలామంది ఫోన్లో తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లోనే కొడతారు. ‘డబ్బులు’ అన్న ఒక్క మాటను నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు. ఫిల్టర్‌కు అవి నాలుగు వేర్వేరు మాటలు.

ఇక మన ఫోన్లు. ప్లాట్ల వెంచర్లు, క్రెడిట్ కార్డులు, పర్సనల్ లోన్లు... రోజుకొక్కటైనా రానివాళ్లు తక్కువ. ‘కాల్ చేయవద్దు’ రిజిస్ట్రీ మన దేశంలో 2007లోనే వచ్చింది. ఖర్చు పెంచే ఉపాయాన్ని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కూడా ప్రయత్నించింది. 2012 నవంబరులో, ఒక సిమ్ నుంచి రోజుకు వంద దాటిన ప్రతి ఎస్సెమ్మెస్‌కు కనీసం 50 పైసలు వసూలు చేయాలని నిర్ణయించింది. 2018 నిబంధనలతో వాణిజ్య సందేశాలు పంపే ప్రతి సంస్థా పేరు, పంపబోయే సందేశం నమూనా ముందే నమోదు చేసుకోవాల్సి వచ్చింది. అది గాడిన పడ్డాక, 2020లో ఆ 50 పైసల నియమం ఎత్తేశారు.

ఈ నమోదు వల్ల సామాన్యుడికి దక్కిన గొప్ప ప్రయోజనం ఒకటుంది, దాన్ని చాలామంది గమనించరు. నమోదైన సంస్థ ఎస్సెమ్మెస్ పదంకెల నంబరు నుంచి రాదు, ఎక్కువగా అక్షరాల పేరుతో వస్తుంది. 2025 నుంచి ఆ పేరు చివర గీత పెట్టి ఇంకో అక్షరం చేరుస్తున్నారు. ‘పి’ ఉంటే ప్రచారం, ‘ఎస్’ ఉంటే సేవకు సంబంధించినది, ‘టి’ ఉంటే లావాదేవీ, ‘జి’ ఉంటే ప్రభుత్వం. ఇప్పుడు ఈ సందేశం చూడండి: ‘మీ కిందటి నెల బిల్లు అప్‌డేట్ కాలేదు. ఈ రాత్రి 9:30కి కరెంటు కట్ చేస్తాం. వెంటనే మా అధికారికి ఫోన్ చేయండి.’ దేశమంతటా ఎందరినో ముంచిన మోసం ఇది. గడువు రాత్రికి పెట్టడంలోనే ఉంది కిటుకు, ఆ వేళకు కరెంటాఫీసులో అడగడానికి ఎవరూ ఉండరు. పైన చూస్తే మామూలు మొబైల్ నంబరు. ఆ ఒక్క గుర్తు చాలు, ఫోన్ చేయకుండా ఆగిపోవడానికి. ఇంట్లో అమ్మానాన్నలకు ఇంకేం చెప్పినా చెప్పకపోయినా ఇది మాత్రం వాళ్ల ఫోన్లోనే చూపించి చెప్పండి.

అయితే నమోదు చేసుకోకుండా మామూలు సిమ్‌లతోనే కాల్స్ చేసేవాళ్లు ఈ ఏర్పాటుకు చిక్కలేదు. అందుకే 2024 ఆగస్టులో ట్రాయ్ గట్టి ఆదేశం ఇచ్చింది: అలాంటి సంస్థల కనెక్షన్లన్నీ తీసేయాలి, రెండేళ్లదాకా ఏ టెలికాం కంపెనీ కొత్తవి ఇవ్వకూడదు. కొద్ది వారాల్లోనే 2.75 లక్షలకు పైగా నంబర్లు ఆగిపోయాయి, 50 సంస్థలు నల్లజాబితాకెక్కాయి. 2025 ఫిబ్రవరిలో నిబంధనలు ఇంకా బిగిశాయి. నమోదుకాని నంబరు మీద చర్యకు అంతకుముందు 7 రోజుల్లో 10 ఫిర్యాదులు కావాల్సి వచ్చేది. ఇప్పుడు 10 రోజుల్లో 5 చాలు. టెలికాం కంపెనీ 30 రోజులకు బదులు 5 రోజుల్లో కదలాలి.

ఐదు ఫిర్యాదులు! ఈ అంకె దగ్గర కాసేపు ఆగాలి. వందలమందికి కాల్ చేసిన నంబరును ఆపడానికి అందులో ఐదుగురు చాలు. మనం చేసేదేమిటి? విసుక్కుని బ్లాక్ కొడతాం. బ్లాక్ చేస్తే మన ఫోన్ ఒక్కటే ప్రశాంతం, పంపేవాడికి రూపాయి నష్టం లేదు. కొనని ఇంటి తలుపు మూసి ఉండటం వాడికి కొత్త కాదు, పక్కింటికి వెళ్తాడు. ఫిర్యాదు చేస్తే సిమ్ పోతుంది, వాడి ఖర్చు పెరుగుతుంది. బ్లాక్ చేసే ముందు ఫిర్యాదు చేయమని నేను ఇంతగా అడుగుతున్నది అందుకే.

నంబర్లు వాళ్లకు దొరికే దారుల్లో కొన్ని మనమే తెరుస్తాం. షాపింగ్ మాల్లో లక్కీ డ్రా కూపన్ నింపి డబ్బాలో వేస్తాం, బిల్లింగ్ కౌంటర్లో అడగ్గానే నంబరు చెప్పేస్తాం. నంబరు ఇస్తేనే బిల్లు చేస్తామని పట్టుబట్టవద్దని 2023లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దుకాణాలకు చెప్పింది. ‘ఇవ్వను’ అనడానికి మొహమాటపడనక్కర్లేదు.

ప్రచార సందేశాలేవీ వద్దనుకుంటే ‘స్టార్ట్’ అని ఇంగ్లిషులో రాసి, కాస్త ఎడం ఇచ్చి సున్నా కొట్టి 1909కి ఎస్సెమ్మెస్ పంపవచ్చు, లేదా ఆ నంబరుకే కాల్ చేయవచ్చు. ఇలా నమోదు చేసుకోనివాళ్లు కూడా ఇప్పుడు నమోదుకాని నంబర్ల మీద ఫిర్యాదు చేయవచ్చు. అదే 1909కి గానీ, ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లో గానీ పెట్టొచ్చు. సందేశం లేదా కాల్‌లో చెప్పిన విషయం, వచ్చిన నంబరు, తేదీ కావాలి. ఫిర్యాదుకు గడువు ఒకప్పుడు మూడు రోజులుండేది, ఇప్పుడు ఏడు. డబ్బు గుంజే మోసమని అనుమానం వస్తే సంచార్ సాథీ పోర్టల్‌లోని ‘చక్షు’లో తెలపాలి, అప్పటికే డబ్బు పోయి ఉంటే క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ఏది చేసినా ఆ సందేశాన్ని మాత్రం ముందే డిలీట్ చేయకండి, ఫిర్యాదులో నింపాల్సిన వివరాలన్నీ ఉన్నది దాంట్లోనే.